వీడ్కోలు కానుక

విద్యాసంవత్సరం చివరి రోజులలో ప్రతి కళాశాలలోనూ ఒక వీడ్కోలు సభ జరుగుతుంది. జూనియర్లు వేదికను అలంకరిస్తారు. సీనియర్లు తలా కొంత చందా వేసుకొని కళాశాలకు ఏదో ఒక వస్తువును బహూకరిస్తారు. అది గోడగడియారం కావచ్చు, సరస్వతీదేవి పటం కావచ్చు, ఒక బీరువా కావచ్చు. దాని మీద ఆ సంవత్సరమూ, ఆ గ్రూపు పేరూ రంగుతో రాయిస్తారు. ఏటేటా వచ్చిన గడియారాలు ఒకే గదిలో పక్కపక్కన వేలాడుతూ ఒక్కొక్కటి ఒక్కొక్క వేళను చూపుతుండడం చాలా కళాశాలలలో కనిపించే దృశ్యమే. ఇచ్చినవారి ప్రేమలో లోటు లేదు. ఆ ప్రేమ ఎవరికి చేరిందన్నదే ఆలోచించవలసిన విషయం.

వ్యాపార నిర్వహణ విద్యను బోధించే పెద్ద విద్యాలయాలలో, ముఖ్యంగా అమెరికాలో, ఈ వీడ్కోలు చందాకు వేరొక రూపం ఉంది. చదువు ముగించుకొని వెళ్లే తరగతి మొత్తం కలిసి ఒక నిధిని సమకూర్చి విద్యాలయానికి అప్పగిస్తుంది. ఆ నిధి వస్తువుగా మారదు. మరుసటి సంవత్సరం ఆ బల్లల మీదనే కూర్చోబోయే విద్యార్థులలో రుసుము కట్టలేనివారికి ఉపకారవేతనంగా మారుతుంది. ఇచ్చేవారికి పుచ్చుకొనేవారి ముఖం తెలియదు. పుచ్చుకొనేవారు అప్పటికి ఇంకా ఆ విద్యాలయంలో చేరను కూడా లేదు. దీనిని తెలుగులో ‘తరగతి కానుక’ అనవచ్చు. సి.ఇ.సి., ఎం.ఇ.సి. చదివే విద్యార్థులలో పలువురు రేపు బి.కాం., ఆపైన ఎం.బి.ఏ. చదవబోయేవారే గనుక ఈ పద్ధతి లోతుపాతులను తెలుసుకోవడం వారికి రెండు విధాల ప్రయోజనకరం. ఒకనాడు వారు పుచ్చుకొనేవారు కావచ్చు, మరొకనాడు ఇచ్చేవారు కావచ్చు.

విద్య ముగిసిన వేళ కానుక ఇవ్వడం మన సంప్రదాయానికి కొత్త కాదు. గురుదక్షిణ అన్నమాట అందరూ ఎరిగినదే. కాళిదాసు రఘువంశం అయిదవ సర్గలో కౌత్సుని కథ ఉంది. వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుడు గురుదక్షిణ ఏమి ఇమ్మంటారని పదేపదే అడిగాడు. నీ సేవయే చాలునని గురువు చెప్పినా వినలేదు. విసిగిన గురువు, నేర్పిన పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్ల ధనం తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు దగ్గరకు వెళ్లేసరికి ఆ రాజు విశ్వజిద్యాగంలో సర్వస్వమూ దానం చేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చే స్థితిలో ఉన్నాడు. అయినా అర్థిని వట్టిచేతులతో పంపలేక కుబేరుని మీద దండెత్తడానికి సిద్ధపడ్డాడు. తెల్లవారేసరికి కోశాగారంలో బంగారం కురిసింది. కథలో అసలైన సొగసు ఆ తరువాత ఉంది. ఉన్నదంతా తీసుకుపొమ్మని రాజు పట్టుబట్టాడు. గురువుకు ఇవ్వవలసినదానికి మించి ఒక్క కాసు కూడా వద్దని కౌత్సుడు పట్టుబట్టాడు. ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఇద్దరూ ఒకరిని మించి ఒకరు గౌరవం నిలుపుకొన్న అరుదైన ఘట్టమిది.

గురుదక్షిణకూ తరగతి కానుకకూ ఒక భేదం ఉంది. గురుదక్షిణ పైకి, అంటే నేర్పినవారి వైపు పోతుంది. తరగతి కానుక కిందికి, అంటే వెనుక వచ్చేవారి వైపు ప్రవహిస్తుంది. ఈ రెండవ మార్గం కూడా మన పెద్దలకు తెలియనిది కాదు. మనిషి దేవఋణం, పితృఋణం, ఋషిఋణం అనే మూడు ఋణాలతో పుడతాడని ధర్మశాస్త్రాలు చెబుతాయి. వీటిలో ఋషిఋణం తీర్చే పద్ధతి చిత్రమైనది. ఏనాటి ఋషులో మనకు విద్యను ఇచ్చి వెళ్లారు. వారికి తిరిగి ఇవ్వడానికి వారు లేరు. కనుక చదివి, చదివినదాన్ని మరొకరికి అందించి ఆ అప్పు తీర్చుకోవాలి. అప్పు ఇచ్చినవారికి కాక వేరొకరికి చెల్లించినా తీరిపోయే ఋణం వాణిజ్యశాస్త్రంలో సాధారణంగా కనిపించదు. చదువు విషయంలో మాత్రం అదే న్యాయం.

విద్యార్థిని ఆపివేసే మొత్తం ఎంత ఉంటుంది? చాలా పెద్దదై ఉంటుందని అనుకుంటాము. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనను తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు దొరకక, చివరకు ఆమె తన పట్టుబట్టను తాకట్టు పెట్టి ఆ సొమ్ము తెచ్చింది. ఆ తరువాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీయడం వల్ల చదువు సాగింది. తరువాతి కాలంలో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన వ్యక్తికీ చదువుకూ నడుమ ఒకనాడు నిలిచినవి మూడు రూపాయలు. ప్రకాశం తల్లికి తాకట్టు పెట్టడానికి ఒక పట్టుబట్ట ఉంది. అది కూడా లేని తల్లుల బిడ్డల పేర్లు చరిత్రలో కనిపించవు.

ఆ రోజులలో బీదవిద్యార్థికి వేరే ఆధారం వారాలు. ఆదివారం ఒక ఇంట, సోమవారం మరొక ఇంట, ఇలా ఏడు ఇళ్లలో భోజనం చేస్తూ చదువుకొనేవారు. అన్నం పెట్టిన ఇల్లాళ్లు ఎందరో పుణ్యవతులు, సందేహం లేదు. కాని వారం పిల్లవాడు ఎప్పుడూ ఎవరో ఒకరి గడపలో నిలబడవలసినవాడే. ఆ ఇంట పెళ్లో మైలో వస్తే ఆనాటికి పస్తే. సాయం ఉన్నది గాని దానికి నియమం లేదు, హక్కు అంతకన్నా లేదు. ఇచ్చేవారి ముఖం చూడకుండా, తలవంచకుండా అందుకోగల సాయం కావాలంటే పలువురు చేతులు కలిపి, ఒక సంస్థను నిలిపి, దాని ద్వారా ఇవ్వాలి.

అలా చేతులు కలిపిన యువకుల కథ ప్రకాశం పంతులు పుట్టిన సీమలోనే ఉంది. చెన్నై, విజయవాడల నడుమ నడిచే రైలుమార్గంలో చీరాలకు పక్కనే ఉన్న ఊరు వేటపాలెం. పూర్వం గుంటూరు జిల్లాలోనూ, తరువాత ప్రకాశం జిల్లాలోనూ ఉండి, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. ఒకవైపు సముద్రతీరపు ఇసుకనేలలు, మరొకవైపు పత్తి, మిరప పండే నల్లరేగడి మైదానాలు. ఊళ్లో మగ్గాల చప్పుడు, జీడిపప్పు వ్యాపారం. వేటపాలెం జీడిపప్పు అంటే ఆంధ్రదేశమంతటా పేరు. లెక్కాపత్రం తెలిసినవారి ఊరు ఇది. ఇటువంటి ఊళ్లో 1918లో వి.వి. శ్రేష్ఠి అనే యువకుడూ ఆయన మిత్రులూ హిందూ యువజన సంఘం పక్షాన ఒక గ్రంథాలయాన్ని నెలకొల్పారు. అదే నేటి సారస్వత నికేతనం.

వారి ముందు రెండు దారులు ఉన్నాయి. పోగుచేసిన కొద్దిపాటి సొమ్ముతో ఒక ఉత్సవం చేసి ఉండవచ్చు. అప్పటికి ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం ఊపందుకొన్నది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఊరూరా పఠనమందిరాలు వెలిశాయి. వాటిలో అనేకం కొన్నేళ్లకే తలుపులు మూసుకొన్నాయి. వేటపాలెం యువకులు మాత్రం పుస్తకాలను చదివించడంతో తృప్తిపడలేదు. సాధారణంగా చదివి పారవేసే దినపత్రికలను, మాసపత్రికలను సైతం సంవత్సరాల వారీగా కట్టలు కట్టి, బైండు చేయించి భద్రపరిచారు. నిన్నటి పత్రికను దాచేవాడు తన కోసం దాచడు. దానిని తాను చదివేశాడు. ఏనాడో రాబోయే అపరిచితుడైన పాఠకుని కోసం దాస్తాడు. ఆ అపరిచితులు నిజంగానే వచ్చారు. వేరెక్కడా దొరకని పాత సంచికల కోసం ఆంధ్రదేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచి కూడా పరిశోధక విద్యార్థులు ఈ చిన్న ఊరికి వచ్చి, రోజుల తరబడి కూర్చుని రాసుకొని వెళ్లారు. వారిలో పలువురికి డాక్టరేటు పట్టాలు దక్కడంలో ఈ నికేతనానికి భాగం ఉంది. 1929లో గాంధీమహాత్ముడు ఇక్కడికి వచ్చాడు. ఆయన చేతికర్ర ఈనాటికీ అక్కడ భద్రంగా ఉంది. చూడటానికి వచ్చేవారు ముందుగా ఆ కర్రనే అడుగుతారట. బీరువాలలోని కట్టలు మాత్రం అడిగి వచ్చేవారి కోసం నిశ్శబ్దంగా ఎదురుచూస్తుంటాయి.

అదే 1918లో హైదరాబాదులో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు వెలసింది. పల్లెల నుంచి నగరానికి వచ్చిన విద్యార్థులకు అది ఇల్లయింది. ఒకచోట పుస్తకం, మరొకచోట వసతి. రెండూ ఒక తరం మరొక తరానికి ఇచ్చిన కానుకలే. అయితే రెడ్డి హాస్టలుకు వెనుక అధికారమూ, పలుకుబడీ ఉన్న పెద్దలు ఉన్నారు. వేటపాలెంలో ఉన్నది యువకుల ఉత్సాహం, ఊరివారి చేయూత. తరగతి కానుకకు దగ్గరి బంధువు ఈ రెండవదే.

ఇక నిధి విషయానికి వద్దాము. ఇచ్చిన సొమ్మును ఒక్క ఏడాదిలో పంచివేయడం ఒక పద్ధతి. అసలును ముట్టకుండా దానిపై వచ్చే రాబడిని మాత్రమే ఏటేటా పంచడం రెండవ పద్ధతి. ఈ రెండవదానిని శాశ్వతనిధి అంటారు. ఇది పాశ్చాత్యుల నుంచి నేర్చుకొన్నదని కొందరు అనుకుంటారు. ద్రాక్షారామం, బాపట్ల వంటి ఆలయాల శాసనాలు చదివినవారు ఆ మాట ఒప్పుకోరు. గుడిలో అఖండదీపం వెలిగించదలచిన దాత నేయి కొని ఇచ్చేవాడు కాదు. కొన్ని గోవులనో గొర్రెలనో ఇచ్చేవాడు. వాటిని పెంచే కాపరి దినానికి ఇంత అని నేయి గుడికి కొలిచి పోయాలి. మందలో పాతవి చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి, మంద మాత్రం తరగదు. మంద అసలు, నేయి వడ్డీ, దీపం ప్రయోజనం. తొమ్మిదివందల ఏళ్ల కిందటి ఆ దాతకు నేటి వాణిజ్యశాస్త్ర పరిభాష తెలియకపోవచ్చు. మందను కోసుకు తింటే దీపం ఆరిపోతుందన్న సంగతి మాత్రం స్పష్టంగా తెలుసు.

దీనిని ఒక ఊహాత్మకమైన లెక్కతో చూడవచ్చు. ఒక ఎం.బి.ఏ. తరగతిలో 60 మంది ఉన్నారనుకుందాము. తలా 2,000 రూపాయలు ఇస్తే 1,20,000 అవుతుంది. దానిని నూటికి ఆరున్నర వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏటా 7,800 రూపాయలు వస్తాయి. ఈ మొత్తం ఎవరి రుసుమునూ పూర్తిగా తీర్చదు. మొదటి తరగతి ఇక్కడే నిరుత్సాహపడుతుంది. కాని తరువాతి తరగతులు కూడా అదే నిధికి అంతే మొత్తాన్ని చేరుస్తూ పోతే, పది తరగతులకు అసలు 12,00,000 రూపాయలు, వడ్డీ 78,000 రూపాయలు అవుతాయి. అప్పుడది ఒక విద్యార్థి చదువును నిలబెట్టగల మొత్తం. ప్రతి తరగతీ తన పేరుతో వేరొక నిధి కావాలని పట్టుబడితే పది చిన్న దీపాలు మిగులుతాయి, ఏదీ గదికి చాలదు. ఈ పట్టుదల గోడగడియారాల పట్టుదలకు అన్నదమ్ముల వంటిదే.

లెక్కలో మరొక మెలిక ఉంది. ధరలు ఏటేటా పెరుగుతాయి. వడ్డీ మొత్తాన్ని ఖర్చు చేస్తూ పోతే, అంకెలో అసలు తరగకపోయినా దాని విలువ తరిగిపోతుంది. ఇరవై ఏళ్లకు ఆ 7,800 రూపాయలు నెల మెస్సు బిల్లుకు కూడా చాలకపోవచ్చు. అందువల్ల తెలిసినవారు రాబడిలో కొంత తిరిగి అసలులో కలుపుతారు. పై లెక్కలో 5,400 ఖర్చు చేసి 2,400 అసలులో చేరిస్తే నిధి ఏడాదికి నూటికి రెండు చొప్పున పెరుగుతుంది. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు సైతం సాధారణంగా తమ శాశ్వతనిధి విలువలో నూటికి నాలుగైదు వంతులకు మించి ఏటా ఖర్చు చేయవు. నేటి విద్యార్థికి ఎక్కువ ఇస్తే రేపటి విద్యార్థికి తక్కువవుతుంది. ఎవరి పక్షాన నిలవాలన్నది తేలికైన ప్రశ్న కాదు. ఈ ఏడు చదువు మానుకోబోతున్న పిల్లవాడికి ఇరవై ఏళ్ల తరువాతి విలువ గురించి చెప్పడం ఎవరికైనా కష్టమే. అందుకే కొన్ని విద్యాలయాలు కానుకలో కొంత భాగాన్ని వెంటనే ఖర్చుకు, కొంత భాగాన్ని శాశ్వతనిధికి కేటాయిస్తాయి.

వ్యాపారవిద్య విశ్వవిద్యాలయాలలోకి ప్రవేశించడమే కానుకల ద్వారా జరిగింది. 1881లో జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికవేత్త లక్ష డాలర్ల విరాళంతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వార్టన్ స్కూలును స్థాపింపజేశాడు. 1900లో డార్ట్‌మత్ కళాశాలలో ఎడ్వర్డ్ టక్ తన తండ్రి పేరు మీద ఇచ్చిన నిధితో టక్ స్కూలు వెలసింది. ఇవి ధనికులు ఒంటిచేతితో ఇచ్చిన కానుకలు. చిన్నమొత్తాలను పలువురి నుంచి ఏటేటా సేకరించే పద్ధతికి 1890లో యేల్ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థులు ఏర్పరచిన నిధి మార్గదర్శకమైంది. ఆ తరువాత కాలంలో ఈ రెండు ధారలూ కలిశాయి. టక్ స్కూలు పూర్వవిద్యార్థులలో నూటికి డెబ్బై మంది దరిదాపుగా ఏటా ఎంతో కొంత ఇచ్చిన సంవత్సరాలు 2010 దశకంలో ఉన్నాయి. ఆ విద్యాలయం గొప్పగా చెప్పుకొనేది డాలర్ల సంఖ్యను కాదు, ఈ డెబ్బైని.

ఈ అంకె వెనుక ఉన్న ఆలోచన గమనింపదగినది. తరగతి కానుకలో సాధారణంగా లక్ష్యంగా పెట్టుకొనేది మొత్తాన్ని కాదు, ఇచ్చినవారి నిష్పత్తిని. చదువు ముగిసే నాటికి విద్యార్థి చేతిలో సొమ్ము ఉండదు. ఉన్నది విద్యాఋణం. అతని నుంచి పెద్దమొత్తం రాదు. కాని ఆ రోజున వంద రూపాయలు ఇచ్చినవాడు ఇరవై ఏళ్ల తరువాత లక్ష అడిగితే వినే చెవి గలవాడవుతాడు. మొదటి కానుక సొమ్ము కాదు, అలవాటు. కొన్ని చోట్ల అప్పటికప్పుడు ఇవ్వలేనివారు ఉద్యోగంలో చేరిన తరువాత నాలుగైదేళ్లలో వాయిదాల మీద చెల్లిస్తామని వాగ్దానపత్రం రాసి ఇస్తారు. మరికొన్ని చోట్ల తరగతి ఎంత సేకరిస్తే అంతకు సమానమైన మొత్తాన్ని ఒక పెద్ద దాత జతచేస్తాడు. విద్యార్థి వేసిన ఒక రూపాయి రెండు రూపాయలవుతుందంటే చేయి ముందుకు చాచడం సులభమవుతుంది. దాతకు కూడా, తన సొమ్ము మీద ఆ విద్యార్థులకు నమ్మకం ఉన్నదన్న ధైర్యం కలుగుతుంది.

తెలుగునాట వ్యాపార నిర్వహణ విద్యకు ఏనాడో పునాది పడింది. విశాఖపట్టణంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. కోర్సును ప్రారంభించి, దేశంలో ఆ చదువుకు మార్గదర్శి అయింది. అహమ్మదాబాదులోని భారతీయ నిర్వహణ విద్యాసంస్థ 1961లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడంలో జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఇచ్చిన విరాళాల పాత్ర అందరికీ తెలిసినదే. కాని ఏటేటా బయటికి వెళ్లే విద్యార్థులు తమ వెనుకవారికి ఇచ్చే ఏర్పాటు చాలాకాలం మన విశ్వవిద్యాలయాలలో వేళ్లూనలేదు. రుసుములు తక్కువ. లోటును ప్రభుత్వం భరించేది. అడిగేవారూ లేరు, ఇచ్చేవారూ లేరు. పరిస్థితి మారింది. 2001 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి సంస్థలలో చదువు ఖర్చు లక్షలలో ఉంటుంది. అటువంటి చోట పూర్వవిద్యార్థులు ఇచ్చే ఉపకారవేతనాలు అలంకారం కావు, అవసరం. అహమ్మదాబాదు సంస్థ కూడా 2020లో పూర్వవిద్యార్థుల 100 కోట్ల రూపాయల తొలి వాగ్దానాలతో శాశ్వతనిధిని ఆరంభించింది.

పెద్దసంస్థల మాట అలా ఉంచి, జిల్లా పట్టణంలోని ఎం.బి.ఏ. విద్యార్థికి ఏమి కావాలో చూడాలి. అర్హులైనవారి బోధనరుసుమును ప్రభుత్వ పథకాలు చాలావరకు భరిస్తాయి. పథకానికి అందని చిన్నచిన్న ఖర్చులే వారిని కుంగదీస్తాయి. వేసవిలో రెండు నెలల శిక్షణకు హైదరాబాదో చెన్నయో వెళ్లాలి. అక్కడ గది అద్దెకు ముందస్తుగా సొమ్ము కట్టాలి. మౌఖిక పరీక్షకు ఒక మంచి చొక్కా, బూట్లు కావాలి. రైలు ఛార్జీలు కావాలి. మగ్గం మీద బతికే కుటుంబం ఈ ఖర్చుకు మాస్టర్ వీవరు దగ్గర అడ్వాన్సు తీసుకుంటుంది. ఆ అడ్వాన్సు తీరేవరకు మగ్గం అతనికే నేయాలి. కొడుకు ఉద్యోగపు ప్రయాణానికి తండ్రి స్వేచ్ఛ తాకట్టు పడుతుందన్నమాట. ప్రకాశం తల్లి తాకట్టు పెట్టిన పట్టుబట్టకూ దీనికీ ఎంత దూరం? ఇటువంటిచోట అయిదువేల రూపాయలు సమయానికి అందితే చాలు. పైన చెప్పిన లెక్కలో 5,400 రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు.

తరగతి కానుక మీద ఆక్షేపణలు లేకపోలేదు. మేము కట్టిన రుసుముతోనే విద్యాలయం నడిచింది గదా, ఇంకా ఎందుకు ఇవ్వాలి అనేవారున్నారు. వారి మాటలో కొంత న్యాయం ఉంది. విపరీతంగా వసూలు చేసే సంస్థ మరల చేయి చాస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అందుకే కానుక సంస్థ ఖజానాకు కాక విద్యార్థి సహాయానికే చెందుతుందని ముందుగా రాసుకోవడం ముఖ్యం. రెండవ ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది. నిష్పత్తి లక్ష్యమైనప్పుడు ఒత్తిడి మొదలవుతుంది. ఇచ్చినవారి పేర్లు గోడకు అంటిస్తారు. ఇవ్వనివారి పేర్లు ఎవరూ రాయకపోయినా అందరికీ తెలిసిపోతాయి. గుంటూరు సీమ అంగళ్లలో పత్తి, మిరపకాయలు అమ్ముకొనే రైతుకు దీని రుచి తెలుసు. పూర్వం దళారి లెక్కలో కాటాకూలి, తరుగులతోపాటు ‘ధర్మం’ అని ఒక పద్దు ఉండేది. రైతును అడగకుండానే అతని సొమ్ములో కొంత ధర్మానికి కోసేవారు. దానితో కట్టిన సత్రం మీద చెక్కిన పేరు మాత్రం వర్తకునిదై ఉండేది. పరుల సంచిలో నుంచి చేసిన దానం దానం కాదు. విద్యార్థి నుంచి హాల్‌టిక్కెట్టు ఇచ్చే వేళ తప్పనిసరిగా వసూలు చేసినది కూడా కానుక అనిపించుకోదు.

ఈ ఒత్తిడికి విరుగుడుగా చందా మొత్తాన్ని గోప్యంగా ఉంచడం, ఎవరు ఎంత ఇచ్చినా ఒకే వరుసలో చూపడం కొన్నిచోట్ల ఆచారం. తరగతిలోని అత్యంత పేదవాడు సైతం సిగ్గుపడకుండా ఇవ్వగలిగేంత తక్కువ మొత్తాన్ని కనిష్ఠంగా నిర్ణయించుకోవడం మరింత మంచి పద్ధతి. పది రూపాయలు అనుకోండి. నిన్న సాయం పొందినవాడు నేడు పది రూపాయలు ఇచ్చాడంటే అతడు ఋణగ్రస్తుని వరుస నుంచి దాతల వరుసలోకి మారినట్టే. తరగతి కానుకలో ఇంతకన్నా విలువైన పది రూపాయలు వేరే ఉండవు.

పుచ్చుకొనేవారి గౌరవాన్ని కాపాడటం వేరొక బాధ్యత. మనవద్ద ఉపకారవేతనం ఇచ్చేటప్పుడు సభపెట్టి, విద్యార్థిని వేదిక మీదకు పిలిచి, పెద్ద అట్టముక్క మీద రాసిన చెక్కును పట్టించి ఫొటో తీసే అలవాటు ఉంది. ఫొటోలో అందరి ముఖాలూ కెమెరా వైపు ఉంటాయి, ఆ విద్యార్థి చూపు ఒక్కటే నేల మీద ఉంటుంది. వారాలు చేసుకొనే పిల్లవాడు గడపలో నిలబడినట్టే ఇదీ. సారస్వత నికేతనానికి వచ్చి పాత పత్రిక అడిగిన పాఠకుని ఎవరూ సభలో నిలబెట్టలేదు. రిజిస్టరులో సంతకం చేసి, కుర్చీలో కూర్చుని చదువుకొన్నాడు. తరగతి కానుక కూడా అంత సహజంగా, ఒక దరఖాస్తు, ఒక రసీదు మీద సాగిపోవాలి. ఎంపిక చేసే సంఘంలో అధ్యాపకులతోపాటు పూర్వవిద్యార్థులు ఉండాలి. దరఖాస్తుదారుల పేర్లు ఆ గది దాటరాదు.

నిధిని కాపాడేది చివరకు కాగితమే. ఉత్సాహం వీడ్కోలు సభతో చల్లారుతుంది. పట్టుదల గల అధ్యాపకుడు పదవీవిరమణ చేస్తాడు. ప్రిన్సిపాళ్లు మారతారు. సొమ్ము ఏ బ్యాంకులో ఉన్నదో తెలిసినవారు క్రమంగా లేకుండా పోతారు. ఎక్కడో పాత బీరువాలో గడువు దాటిన డిపాజిట్ రసీదు దొరికి ఆశ్చర్యపోవడం విద్యాసంస్థలలో అపురూపమేమీ కాదు. కనుక నిధి ప్రయోజనమేమిటి, రాబడిలో ఎంత ఖర్చు చేయవచ్చు, ఖాతా నుంచి సొమ్ము తీయడానికి ఏ ఇద్దరి సంతకాలు కావాలి, ఏటా లెక్క ఎవరికి చూపాలి, ఆ కోర్సే ఒకనాడు మూతపడితే నిధి ఎవరికి చెందాలి అనే సంగతులన్నీ తొలినాడే పత్రంలో రాయించాలి. దాని ప్రతి ఒకటి కళాశాల కార్యాలయంలో, మరొకటి పూర్వవిద్యార్థి సంఘం వద్ద ఉండాలి. వాణిజ్యశాస్త్రం చదివిన విద్యార్థులు ఇచ్చిన కానుకలో లెక్క తప్పితే నవ్వేవారు ఎక్కువ.

దీపదానం చేసిన పాతకాలపు దాతలు ఈ విషయంలో మనకన్నా జాగరూకులు. దాత పేరు, పశువుల సంఖ్య, కాపరి పేరు, దినానికి కొలవవలసిన నేయి, అన్నీ రాతి మీద చెక్కించేవారు. ఆ దానం సూర్యచంద్రులు ఉన్నంతకాలం సాగాలనేవారు. అంతటితో ఆగక, ఈ ధర్మాన్ని చెరిచినవాడు ఘోరమైన పాపాన్ని పొందుతాడని శాసనం చివర ఒక శాపం కూడా చేర్చేవారు. నేటి దానపత్రంలో ఆ శాపం ఉండవలసిన చోట ఆడిటరు సంతకం ఉంటుంది.